చేపల తొట్టె, నాన్న రబ్బరు చెప్పులు

నా చిన్నతనంలో, బహ్రెయిన్‌లో, జిదాఫ్స్‌లోని మా ఫ్లాట్‌లో ప్లగ్గు పెట్టడం ఇద్దరి పని... నేను సాకెట్ పై రంధ్రంలో పెన్ను మూత గుచ్చి పట్టుకునేదాన్ని. అప్పుడు కింది రెండు రంధ్రాలు తెరుచుకునేవి. నాన్న గుండ్రటి రెండు పిన్నుల ప్లగ్గును వాటిలోకి నెట్టేవారు.

ఇక్కడి సాకెట్లకు పలకల్లాంటి మూడు పిన్నులు కావాలి. పైది ఎర్త్, లీకైన కరెంటును నేలలోకి పంపేది. ఆ సంగతి నాకు తెలియదు. నాన్నకు తెలుసు.

హాల్లో చేపల తొట్టె. దాని మీద ట్యూబ్‌లైటు బిగించిన ఇనుప మూత... గుంటూరు నుంచి సూట్‌కేసులో తెచ్చారు. వైరులో మూడు తీగలున్నాయి. ప్లగ్గుకు రెండే పిన్నులు కనుక ఎర్త్‌కు వెళ్లాల్సిన పచ్చ తీగను నాన్న కత్తిరించేశారు.

అమ్మ స్నానం చేసి, దీపం పెట్టి, తడి కాళ్లతోనే వచ్చి చేపలకు మేత వేసేది. అప్పటిదాకా చెప్పులు తొడిగేది కాదు.

"మూత పట్టుకుంటే జిల్లుమంటోందండీ," అంది ఒకరోజు.

నాన్న వచ్చి మూత మీద అరచెయ్యి ఆనించారు. "ఏదీ? ఉప్మాలో ఉప్పు తెలీదు గానీ నీకు కరెంటు తెలుస్తుందా?"

నేల చల్లగా ఉంటుందని ఆయన ఇంట్లో ఎప్పుడూ రబ్బరు చెప్పులతోనే తిరిగేవారు.

ఆ తర్వాత ఏసీ బాగుచేయడానికి మల్లేశన్న వచ్చాడు. జగిత్యాల మనిషి, కార్మికుల క్యాంపులో ఉండే ఎలక్ట్రీషియన్. వెళ్లబోతూ తొట్టె దగ్గర ఆగాడు.

"సారు, గీ పచ్చ వైరు ఎందుకు కోసిన్రు?"

"నిన్ను పిలిచింది ఏసీకి. చేపల సంగతి నీకెందుకు?"

"చేపలకేం గాదు సారు. చెయ్యి వెట్టెటోళ్లకే."

"ఖలాస్. ఇక వెళ్లు."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది.

వారం తిరక్కుండానే, శుక్రవారం పొద్దున, అమ్మ చెయ్యి ఆ మూతకు అతుక్కుపోయింది. నోరు తెరిచి ఉంది... మాట లేదు. నేను ప్లగ్గు లాగేశాను. రోజూ పెట్టించేదాన్ని కనుక ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. అమ్మ గోడకు కొట్టుకుని కూలబడింది. వేళ్ల మీద రెండు తెల్లటి మచ్చలు.

నాన్న మొదటి మాట: "తడి చేత్తో ఎవరు ముట్టుకోమన్నారు?"

అమ్మ మెల్లగా లేచింది. చెయ్యి పమిటకు తుడుచుకుంది. పెన్ను మూత తనే గుచ్చి, ప్లగ్గు తిరిగి పెట్టింది. లైటు వెలిగింది.

"ఆ చెప్పులు విప్పి మీరొకసారి పట్టుకోండి."

నాన్న తన కాళ్లకేసి చూసుకున్నారు. విప్పలేదు. పేపరు తీసుకుని గదిలోకి వెళ్లిపోయారు.

మల్లేశన్నకు ఈసారి అమ్మే ఫోన్ చేసింది. కొత్త వైరు, మూడు పిన్నుల ప్లగ్గు. వైరు సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా వేశాడు. "నీళ్లు జారినా గీడనే కారిపోతయ్ బిడ్డా. ప్లగ్గు తీసినంకనే తొట్టెల చెయ్యి వెట్టాలె," అని నాకు చెప్పాడు. అమ్మ ఆయనకు టీ ఇచ్చింది. నాన్న గది తలుపు తీయలేదు. చివరిదాకా తడి చేతిదే తప్పన్నారు.

ఇప్పుడు నేను బహ్రెయిన్‌లోనే, బుదైయాలో ఉంటున్నాను. కరెంటు దారి తప్పితే దానంతటదే ఆపేసే స్విచ్ ఉంది మా ఇంట్లో. ప్రమాద వార్తలు రాసే పని నాది... ఎవరైనా 'షార్ట్ సర్క్యూట్' అంటే ముందు ప్లగ్గు చూపించమంటాను.

ఆ హాలు, నారింజ రంగు చేపలు, అమ్మ వెలిగించిన అగరొత్తుల వాసన... అన్నీ గుర్తొస్తాయి. నాన్న దగ్గరికొచ్చేసరికి మాత్రం చెప్పులే కనిపిస్తాయి.

మీ ఇళ్లలో ఆ పై రంధ్రంలో ఏం గుచ్చేవారు... పెన్ను మూతా, అగ్గిపుల్లా? గుచ్చి పట్టుకున్న చెయ్యి ఎవరిదో కూడా రాయండి.