పుక్కిలించి ఉమ్మే విద్య

ఈమధ్య నా నీళ్ల ట్యాంకరులో స్టీరింగు పక్కన ఒక లావుపాటి సీసా కూర్చుంటోంది. దానిమీద మా ఆవిడ గోళ్లరంగుతో గీతలు గీసింది. పదింటికి ఇక్కడిదాకా, పన్నెండుకు అక్కడిదాకా తాగాలట. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టేసినవాణ్ని, ఈ వయసులో మళ్లీ హోంవర్కు చేస్తున్నాను. ఈ ఉదయం ఏక్‌బాల్‌పూర్ సందులో బకెట్ల వరుస ముందు బండి ఆపి, మొదటి గీతదాకా తాగుతుంటే మా నాన్న గుర్తొచ్చాడు.

నాన్న శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీల ఊరికి వచ్చి, ఇక్కడే వీధులు ఊడ్చేవాడు, కడిగేవాడు. డ్యూటీలో గుక్కెడు నీళ్లు మింగి ఎరగడు. నోట్లో పోసుకుని, బుగ్గలు ఉబ్బించి, గరగరా పుక్కిలించి, రోడ్డుకి అవతల పడేలా ఉమ్మేవాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చాకే చెంబెడు నీళ్లు నిలబడి తాగేవాడు. "కడుపులో నీళ్లుంటే ఒళ్లు బరువెక్కుతాదిరా. పనోడికి నోరు తడిస్తే సాలు" అనేవాడు. మిగతా పిల్లలకు తండ్రులు ఎక్కాలు నేర్పారు, నాకు ఇది నేర్పాడు. లెక్కల్లో తప్పాను గానీ ఇందులో నేనే ఫస్టు. ఇరవై ఏళ్లుగా జనానికి మంచినీళ్లు మోస్తూ, నా వాటా మాత్రం కిటికీలోంచి ఉమ్ముకుంటూ తిరిగాను.

నిరుడు నా పొట్ట వెళ్లి స్టీరింగుని పలకరించింది. మా డ్రైవర్లకు ఏటా డాక్టరు పరీక్ష ఉంటుంది. అందులో తప్పితే బండి తాళం ఇంకొకరి చేతికి పోతుంది. చదువులేని నాకు ఆ తాళమే సర్టిఫికెట్టు. అందుకని రోజూ మైదానంలో పరుగు మొదలుపెట్టాను. ఎండాకాలం, చొక్కా పిండితే చెంబు నిండేది. అయినా నాన్న విద్య మానలేదు. పుక్కిలించడం, ఉమ్మడం, పరిగెత్తడం. రెండు నెలల్లో ప్యాంటు వదులైంది. "ఏటయ్యా, ఇంకో పెళ్లి గానీ సూసుకున్నావేటి?" అంది మా ఆవిడ.

మూడో నెలలో, పరుగు మధ్యలో నడుములోకి మేకు దిగినట్టయింది. గడ్డిమీద పడి చుట్టచుట్టుకుపోయాను. పక్కనే నడుస్తున్న బెంగాలీ పెద్దాయన అది కొత్త ఆసనం అనుకుని కాసేపు శ్రద్ధగా చూశాడు.

కిడ్నీలో రాయి అన్నారు. మూత్రం దారికి అడ్డం పడి కిడ్నీ వాచిందనీ, ఇంకా ఆలస్యం చేస్తే ఆ కిడ్నీ దక్కదనీ అన్నారు. "నీళ్లు బాగా తాగుతారా, దాదా?" అని డాక్టరు హిందీలో అడిగాడు. "గంటగంటకీ నోట్లో పోసుకుంటాను సార్" అన్నాను గర్వంగా. "పోసుకుని?" "ఉమ్మేస్తాను." ఆయన రాస్తున్న కలం ఆగిపోయింది. నా మాటకి నవ్వని మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను.

బల్లమీద పడుకోబెట్టి, యంత్రంతో బయటినుంచే టకటకా దెబ్బలు వేసి రాయిని పగలగొట్టారు. ముక్కలు మూత్రంలో బయటికి వచ్చేటప్పుడు పట్టి తెమ్మన్నారు. మా ఆవిడ టీ వడకట్టే జల్లెడ చేతిలో పెట్టి, "ఇది మళ్లీ వంటింట్లోకి వచ్చిందంటే నువ్వు బయటే" అంది.

చూడ్డానికి వచ్చిన అమ్మకి అరచేతిలో ఆవగింజలంత ముక్కలు చూపించాను. "నాన్న కూడా ఉమ్మేవాడు కదా, ఆయనకేం కాలేదే?" అన్నాను.

అమ్మ నన్ను వింతగా చూసింది. "ఆయన పుక్కిలించింది వీధులు కడిగే గంగనీరురా, ఒట్టి బురద. మింగితే మంచాన పడిపోడూ? మంచినీళ్ల కుళాయి మనోళ్లని ఎవులైనా ముట్టుకోనిచ్చీవోరేటి?"

"మరి నాకెందుకు అలా చెప్పాడు?"

"కన్నకొడుకుతో ఏటి సెప్తాడు, ఎవులూ ఇవ్వనేదనా?"

ముక్కల్ని పొట్లం కట్టి డాక్టరుకి ఇచ్చొచ్చాను.

డాక్టరు పరీక్ష గట్టెక్కాను. తాళం నా దగ్గరే ఉంది. తాగి మరీ పరిగెడుతున్నాను. ఇందాక సందులో మొదటి గుక్క నోట్లోకి వెళ్లగానే అలవాటుగా బుగ్గలు ఉబ్బాయి, తల కిటికీ వైపు తిరిగింది. పట్టుబట్టి మింగాను. రాయి పగలడానికి గంట కూడా పట్టలేదు. మా ఇంట్లో ఒక గుక్క నోట్లోంచి గొంతులోకి దిగడానికి మాత్రం రెండు తరాలు పట్టింది.