నాలుగు చేతుల పడక్కుర్చీ

కొత్త వస్తువు కొనడం చేతకానివాళ్ళ పని అని మా నాన్నగారి అభిప్రాయం. డబ్బుంటే ఎవడైనా కొంటాడు, అందులో మన గొప్పేముంది అనేవారు. ఆ గొప్ప కోసం మా ఇంట్లో ప్రతి వస్తువూ ఒకసారి చచ్చి మళ్ళీ లేవాల్సి వచ్చేది. అమ్మ పాత చీరలు కిటికీలకు కర్టెన్లయ్యాయి. కోళ్ళు విరిగిన మంచం గోడకెక్కి పుస్తకాల అలమర అయింది. సున్నంలో నీలిమందు ఎంత కలపాలో ఆయన ఎవరినీ అడగరు కాబట్టి, ముందుగది గోడలు ఏటా క్రిస్మస్‌కి ఒక కొత్త రంగులో తేలేవి. అమ్మ తల పైకెత్తి చూసి, "ఈ ఏడు ముసురు పట్టింది" అనేది.

మాది రాజోలు దగ్గర పల్లె. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. తాతయ్య, అంటే నాన్నగారి నాన్న, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో కామందుగారి దగ్గర పాలేరుగా చేశాడు. ఆ కామందుగారు పోయి చాలా కాలమైంది. తొంభైల చివర్లో ఆయన కొడుకు పాత మండువా ఇల్లు పడగొట్టించి డాబా మొదలుపెట్టారు. స్తంభాలూ తలుపులూ ఎవరో హోటలు వాళ్ళు లారీకెత్తుకుపోయారు. వాళ్ళు కూడా వద్దని వదిలేసిన వస్తువొకటి పశువుల కొట్టంలో పడి ఉంది. అది మా నాన్నగారి కంటపడింది.

అది కామందుగారి పడక్కుర్చీ. మంచి టేకుది. ఇప్పటివాళ్ళు ఇలాంటివి చూసి ఉండరు. దాని రెండు చేతుల కింద ఇంకో రెండు పొడుగాటి చేతులు ఒదిగి ఉంటాయి. వాటిని ముందుకు తిప్పుకుని, ఒక్కోదాని మీద ఒక్కో కాలు చాచి పెట్టుకుని హాయిగా వాలిపోవచ్చు. మాకు దొరికేనాటికి కూర్చునేచోట పేము అల్లిక చిరిగి వేలాడుతోంది. కింది చేతుల్లో ఒకటి లేదు. చెదలు ఒక కోడు రుచి చూసి, నచ్చక వదిలేశాయి. నాన్నగారు దాన్ని వంటచెరకు ధరకు కొని, రిక్షాలో వేయించుకుని, దగ్గరిదారి ఉన్నా కాలవగట్టు మీదుగా ఊరంతా తిప్పి తెచ్చారు.

"మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాచుకోవాలని పిల్లకి పొద్దస్తమానం చెప్తారు. ఇప్పుడు కాళ్ళు చాచుకోడానికే ఓ కుర్చీ తెచ్చేరా?" అంది అమ్మ.

"నాక్కాదు. మా నాన్నకి" అన్నారు నాన్నగారు.

ఆయన లెక్క సూటిగానే ఉంది. తాతయ్య వయసంతా ఆ కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాబట్టి ఈ క్రిస్మస్‌కి మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేటప్పుడు, సంఘమంతా చూస్తుండగా, తాతయ్య అందులో కూర్చోవాలి. లెక్క అక్కడితో సరిపోతుంది. నాన్నగారు ఆ ఏడు ఇంకేమీ కోరుకోలేదు, ఇంక్రిమెంటుతో సహా. తాతయ్యని అడగాలని మాత్రం ఆయనకి తోచలేదు.

నేను అప్పట్లో అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ లేనిరోజల్లా గరుకు కాగితంతో ఆ కుర్చీని రుద్దడమే నా పని. మొదట్లో సణిగాను గానీ, నల్లటి మకిలి పోయి లోపలి తేనెరంగు బయటపడుతుంటే వదలబుద్ధయ్యేది కాదు. పాలిష్‌కి లక్కా స్పిరిటూ నేనే తెచ్చాను. ఆ వారం మా ఇంటికి వచ్చిన పాస్టరుగారు స్పిరిట్ వాసన పీల్చి, నాన్నగారి వంక ఒకసారి చూసి, మద్యపానం మీద వాక్యం చదివి, ప్రత్యేకంగా ప్రార్థన చేసి వెళ్ళారు.

పేము అల్లేవాళ్ళు చుట్టుపక్కల దొరకలేదు. బుట్టలు అల్లగా మిగిలిన ప్లాస్టిక్ వైరు తీసి అమ్మే అల్లేసింది. చిలకాకుపచ్చ రంగు. టేకుకి ఇదేం రంగని నాన్నగారు కాసేపు గొణిగారు గానీ, పైసా ఖర్చు కాలేదని గుర్తొచ్చాక అది ఆయన కంటికి ఇంపుగానే కనబడింది.

ఆయన ప్రాణం పెట్టింది మాత్రం ఆ లేని చెయ్యి మీద. నాకు తెలిసి మా ఇంటికోసం ఆయన కొత్త చెక్క కొన్నది అదొక్కసారే. వడ్రంగి పక్కనే కూర్చుని, పాతదాని వంపూ నునుపూ అచ్చు దిగేదాకా అతన్ని లేవనివ్వలేదు. తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఏది పాతదో ఏది కొత్తదో చెప్పమని పరీక్ష పెట్టేవారు. తప్పు చెప్పినవాళ్ళకి రెండోసారి టీ వచ్చేది.

ఈ హంగామా అంతా తాతయ్య అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. "ఎలా ఉంది నాన్నా?" అని అడిగితే, "ఆఁ, బాగుంది. కామందుగారున్నప్పుడు కూడా ఇంత మెరుపు లేదురా" అన్నాడు. నాన్నగారికి అందులో మెరుపు ఒక్కటే వినబడింది.

క్రిస్మస్ వచ్చింది. ముందుగదిలో రంగు కాగితాల తోరణాలు కట్టి, గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేశాం. సంఘం వచ్చి చాపల మీద సర్దుకున్నాక నాన్నగారు గొంతు సవరించుకుని, "రా నాన్నా, కూర్చో" అన్నారు.

"పాస్టరుగారుండగా నేనేంట్రా. ఆయన్ని కూర్చోబెట్టు" అని తాతయ్య వెళ్ళి చాప మీద గోడకానుకున్నాడు. పాస్టరుగారు కుర్చీ వాలు చూసి, "ఇందులో కూర్చుంటే వాక్యం చెప్పలేనండీ, నిద్దరొచ్చేస్తది" అని ప్లాస్టిక్ కుర్చీ అడిగారు. ప్రార్థన సాగినంతసేపూ నాన్నగారు ఒక కన్ను తెరిచి ఖాళీ కుర్చీనే చూస్తున్నారు. నేనూ తెరిచే ఉంచాను కాబట్టి చెబుతున్నాను.

మధ్యాహ్నం కామందుగారి కొడుకు వచ్చారు. ఏటా పండక్కి వచ్చి కేకు తిని వెళ్ళే మంచి మనిషి. ఆయన్ని చూడగానే తాతయ్య లేచి నిలబడ్డాడు. ఆయనేమో కుర్చీని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"రండి, కూర్చోండి" అన్నారు నాన్నగారు, ఆ పాత మండువా ఇల్లంతా తనదే అయినట్టు చెయ్యి చాపి.

"వద్దండీ మాస్టారూ. మా నాన్నగారు తప్ప దాంట్లో ఎవరం కూర్చోలేదండీ. చిన్నప్పుడు ఓసారి ఎక్కితే వీపు చిట్లగొట్టేరు. దాన్ని చూస్తే ఇప్పటికీ గుండె దడేనండీ" అని ఆయనా ప్లాస్టిక్ కుర్చీయే అడిగారు. ఆయనా, తాతయ్యా ఆ కుర్చీ వైపు ఒకేలా చూడటం నాకు నవ్వు తెప్పించింది. నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఆయన వెళ్ళగానే నాన్నగారికి ఉక్రోషం ఆగలేదు. తనే వెళ్ళి కుర్చీలో వాలి, కింది చేతులు రెండూ ముందుకు తిప్పి, కాళ్ళు బారచాపారు. "ఇంతే కదా నాన్నా. ఇందులో ఏముంది? ఇంకా ఎవరికి భయపడతావు నువ్వు?" అన్నారు.

తాతయ్య గుమ్మం దగ్గర, ఆయనకి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"భయం కాదురా" అన్నాడు నెమ్మదిగా. "కామందుగారి మొహం నాకు సరిగ్గా గుర్తులేదు. ఎప్పుడు చూసేను గనక? పొద్దున్నే వెళ్ళి నిలబడితే ఆ చేతుల మీద అరికాళ్ళు రెండూ కనబడేవి. మీ అమ్మకి జొరమని చెప్పినా, నిన్ను బళ్ళో వేస్తానని చెప్పినా, ఆ అరికాళ్ళకే చెప్పేను. ఇప్పుడు నీయి కనబడతన్నాయి."

నాన్నగారు కాళ్ళు దించేసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఊళ్ళో ఎవరి పిల్లాడు లెక్కల్లో తప్పినా మొహం మీదే చెప్పే మనిషి, తలొంచుకుని చిలకాకుపచ్చ వైరు గోటితో గీరుతూ ఉండిపోయారు.

పొద్దు వాలకముందే స్క్రూడ్రైవరు తెచ్చి కింది చేతులు రెండూ ఊడదీశారు, పాతదీ, తను చేయించిన కొత్తదీ.

తాతయ్య వచ్చి చూసి తిట్టడం మొదలుపెట్టాడు. "బంగారంలాంటి వస్తువు పాడుచేసేవు కదరా. బుద్ధుందా నీకు?" తిడుతూనే కుర్చీ చుట్టూ తిరిగాడు, అమ్మ అల్లిక మీద చెయ్యి నొక్కి చూశాడు, తిడుతూనే కూర్చున్నాడు. నాన్నగారు గబగబా లోపలికెళ్ళి, కాళ్ళు పెట్టుకోమని ఒక స్టూలు తెచ్చి ముందు వేశారు.

తాతయ్య పాదాలు వెనక్కి లాక్కుని కుర్చీ కిందకి ముడుచుకున్నాడు.

"ఒద్దురా, తీసెయ్" అన్నాడు. "ఎదర ఎవరైనా వచ్చి నిలబడతారు."