అచ్చులో లేని రెండు పేజీలు

పోయిన వారం చింతామణికి తిరిగొస్తూ చిక్కబళ్ళాపురం బస్టాండులో పేపరు తిరగేస్తుంటే, తక్కువ టికెట్టుకు జనాన్ని తిప్పే విమాన కంపెనీ ఒకటి మూతపడే స్థితిలో ఉందన్న వార్త కనపడింది. నా ఈడువాళ్ళకు అదెవరి గొడవో అనిపిస్తుంది గానీ, నాకు ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు మండుతుంది.

ఉద్యోగం కొత్తలో బెంగళూరులో నా పని, షేర్లు కొనేవాళ్ళ కోసం కంపెనీల ఆర్థిక స్థితి పరిశీలించి రిపోర్టు రాయడం. లాభం ఎంతని కాదు, ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడమని నాకు నేర్పింది మా పై అధికారి. చెప్పొద్దూ, ఇంట్లో పెద్దవాళ్ళకంటే ఎక్కువగా నమ్మాను ఆ మనిషిని. ఒకసారి అప్పట్లో అందరి నోటా నానుతున్న ఒక చౌక విమాన కంపెనీ లెక్కలు నా బల్లమీదికి వచ్చాయి. ఆయన నేర్పినట్టే తవ్వుకుంటూ పోతే తేలిందేమిటంటే, విమానాలు నిండుగా ఎగురుతున్నా టికెట్ల రాబడి ఇంధనానికే చాలడం లేదు. ఉన్న విమానాలు అమ్మేసి, వాటినే అద్దెకు తెచ్చుకుని నడుపుతూ, అమ్మకంలో మిగిలినదాన్ని లాభమని చూపిస్తున్నారు. ఎప్పుడో చేయబోయే ప్రయాణానికి జనం ముందే కట్టిన సొమ్ముతో ఈ నెల జీతాలిస్తున్నారు. ఇదంతా రెండు పేజీలు రాసి, చివర సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన భుజం తట్టి, కాఫీ తెప్పించి, మిగతాది తాను చూసుకుంటానన్నారు.

అచ్చయి వచ్చిన రిపోర్టులో ఆ రెండు పేజీలు లేవు. కొనదగిన షేరు అని ఉంది, కింద నా సంతకం ఉంది. వెళ్ళి అడిగితే నాకింకా లోకం తెలియదని నవ్వారు. నేను నోరు మూసుకుని వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఆర్నెల్లు తిరక్కుండా ఆయన అదే విమాన కంపెనీలో పెద్ద ఉద్యోగానికి వెళ్ళిపోయారు, నాకొక మాటైనా చెప్పకుండా. నాకు నేర్పిన విద్యనే నా చేత్తో అమ్ముకున్నాడు మహానుభావుడు!

ఇక్కడితో అయిపోతే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. బాగేపల్లి దగ్గర మల్బరీ తోట, పట్టుపురుగులు పెట్టుకున్న మా బావకు, అంటే అక్క భర్తకు, చిక్కబళ్ళాపురంలో షేర్ల ఏజెంటు ఎవరో ఆ రిపోర్టు చూపించాడు. ఇంగ్లీషు రాని బావకు అందులో నా పేరు మాత్రం గుర్తుపట్టడం వచ్చు. బోరు లోతు చేయించడానికి దాచిన డబ్బంతా అందులో పెట్టేసి, నేను ఊరికి వెళ్ళినప్పుడు సంబరంగా చెప్పాడు.

"నువ్వు సంతకం పెట్టినంక ఇంగ నేను చూసేదేముండాదప్పా!"

అప్పుడైనా అమ్మెయ్యి బావా అనాల్సింది. అంటే నా సంతకం అబద్ధమని ఒప్పుకోవాలి. సిగ్గుతో అనలేదు, అక్క పెట్టిన రాగిసంగటి తిని బస్సెక్కాను.

తర్వాత ఏడాదికి ఆ విమానాలు నేలమీదే ఆగిపోయాయి, షేరు కాగితాలకు విలువ లేకుండా పోయింది. ఆ వేసవిలో బోరు ఎండి, తోట మాడి, మేపడానికి ఆకు లేక గూడు కట్టబోయే పురుగుల్ని తట్టలతో దిబ్బమీద పోశారు. అప్పుడు వెళ్ళి ఉన్నదంతా చెప్పుకున్నాను. బావ చాలాసేపు వినీ వినీ, కోపం లేకుండానే అన్నాడు:

"ఎద్దులమ్ముకొని, మళ్ళా ఆ ఎద్దుల్నే బాడిగకు తెచ్చి సేద్యం చేస్తాండారని ఒక్క మాట చెప్పింటే నాకర్థమయ్యుండేది కదప్పా."

ఇంగ్లీషులో రెండు పేజీలు రాసినవాణ్ణి, ఆ ఒక్క మాట తెలుగులో చెప్పలేకపోయాను.

ఇప్పుడు కాలం మారింది, ఎవరి సంతకమూ చూడకుండానే ఫోనులో షేర్లు కొంటున్నారు. బాగేపల్లిలో బోరుకు నీళ్ళొచ్చాయి, తోట పచ్చగానే ఉంది, వెళ్తే బావ ఇప్పటికీ ముందు నాకే వడ్డించమంటాడు. ఒకప్పుడు పాడిఆవును కొన్నా నన్నడగకుండా కొనని మనిషి, పోయిన నెల ట్రాక్టరు కొన్నాడట. కాగితాలు పక్కింటాయనకు చూపించి కొన్నాడని అక్క చెప్పింది.