ఎడమవైపు తేలిపోతోంది

తూకం మావయ్య ఏ వస్తువునీ తూచకుండా సైకిలెక్కించడు. అంతే, మనిషిలో ఇంకే వంకా లేదు. అబద్ధమాడడు, కోపం తెచ్చుకోడు, ఒకరి జోలికి పోడు. కానీ ఆయన దూరప్రయాణానికి బయల్దేరబోయే ముందురోజు ఆ ఇంటికి వెళ్ళారో, వంటింట్లో నేలమీద బాసింపట్టు వేసుకుని, ఒక చేత్తో కొక్కెం త్రాసు, ఇంకో చేత్తో చేతిరుమాలు పట్టుకుని, "ఇరవై రెండు గ్రాములు" అని పలకమీద రాసుకుంటూ కనిపిస్తాడు. అప్పుడు పలకరించకూడదు. పలకరిస్తే మొదటినుంచీ తూస్తాడు.

దీనికంతటికీ మూలం ఆయన సైకిలు. మామూలు సైకిలు కాదది, పడుకుని తొక్కేది. నేలకి జానెడెత్తులో వాలుకుర్చీలాంటి సీటు, కాళ్ళు ముందుకి చాపితే ఎక్కడో దూరంగా పెడళ్ళు, తొక్కేవాడికి ఎదురుగా ఆకాశం. ముప్పై ఏళ్ళు మందుల షాపులో కాంపౌండరుగా నిలబడి పొడులు తూచి పొట్లాలు కట్టిన నడుము, మామూలు సైకిలెక్కితే మొరాయించింది. అందుకని దీన్ని తెచ్చుకున్నాడు. సీటు కింద కుడివైపొక సంచి, ఎడమవైపొక సంచి. తిండి, నీళ్ళు, పంపు, ట్యూబులు, వానకోటు అన్నీ వాటిలోనే. ఒకవైపు బరువెక్కువైతే బండి అటు వాలుతుందని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతంలో తప్పులేదు. దాన్ని ఆయన ఎంతదూరం లాక్కెళ్ళాడన్నదే అసలు సంగతి.

చొక్కాకి ఎడమజేబులో ఫోను పెడతాడా, కుడిజేబులో సరిగ్గా అంతే బరువున్న ఒంటిసబ్బు పెడతాడు. ఫోను మోగినప్పుడు తొందరలో సబ్బు చెవికి పెట్టుకుని "హలో, వినబడట్లేదు, గట్టిగా మాట్లాడండి" అని మందలించడం ఊళ్ళో అందరూ చూసిందే. ఒకసారి మంగలి ఎడమవైపు మీసం కాస్త ఎక్కువ కత్తిరించాడని, ఆ వారమంతా బండి కుడివైపుకి లాగేస్తోందని ఫిర్యాదు చేశాడు. మంగలి ఒళ్ళు మండి మీసం మొత్తం తీసేశాడు. "ఇప్పుడు హాయిగా ఉంది" అని ఆనందంగా వెళ్ళిపోయాడు మావయ్య.

తిండి విషయంలో మరీనూ. ఎడమసంచిలో ఉడకబెట్టిన బంగాళాదుంపలు, కుడిసంచిలో అరటిపళ్ళు. ఒక దుంప తింటే ఒక పండు తినాల్సిందే. ఆకలి సగమే ఉన్నా సరే, రెండూ తినాలి. ఒక్కవైపే తింటే రెండోవైపు బరువెక్కిపోదూ? వాటిని జతపర్చలేక అత్తయ్య తల ప్రాణం తోకకొచ్చేది. ఆవిడ కూరగాయల దుకాణంలో ఒకేలాంటి దుంపల్ని రెండు చేతుల్లో పెట్టుకుని పోలుస్తుంటే, దుకాణదారు అడిగాడట.

"ఏంటమ్మా, చెవులకి పెట్టుకుంటారా?"

"నేను కాదు నాయనా, మా ఆయన" అంది అత్తయ్య.

ఇలాంటివన్నీ దగ్గర్నుంచి చూస్తూ పెరిగింది ఆయన మేనకోడలు. ఇప్పుడు హైస్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ చిన్నప్పుడు, మావయ్య చెయ్యి పట్టుకుని బడికి వెళ్ళే రోజుల్లోనూ ఇదే గోల. నాలుగడుగులు వేశాక ఆగిపోయేవాడు. "అమ్మడూ, నా ఎడమభుజం తేలిపోతోందే. నడక వంకరపోతోంది. ఆ పుస్తకాల సంచి ఇటు తగిలించు" అనేవాడు. మావయ్య వంకరగా నడిస్తే తనకే నామర్దా అని ఆ పిల్ల సంచి తీసి ఇచ్చేసేది.

ఆవిడకి సైకిలు పిచ్చి అంటించిందీ ఆయనే. అంటించాడు సరే, ఇప్పుడా పిచ్చి పీకలమీదికొచ్చింది. వాళ్ళ సైకిల్ సంఘం ఏటా ఒక సవారీ పెడుతుంది. పొద్దున్న ఆరింటికి బయల్దేరి రెండువందల కిలోమీటర్లు తిరిగి సాయంత్రం ఏడున్నరలోగా రావాలి. కార్లో వెంటవచ్చి సాయం చెయ్యడాలు కుదరవు. తొక్కేవాళ్ళు ఒకరికొకరు సాయపడొచ్చు, అంతవరకే. మొదటేడు ఆవిడ సరిగా తిండి పట్టుకెళ్ళక దారిలో కళ్ళుతిరిగి కూలబడింది. రెండో ఏడు పదకొండు నిమిషాలు ఆలస్యమైంది. స్టాఫ్‌రూములో డ్రిల్లుమాస్టారు జాలిగా, "మీకు బోర్డు దగ్గర నిలబడే పనే నప్పుతుంది టీచర్‌గారూ" అన్నాడు. ఆ జాలి ఆవిడకి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

"ఈసారి కూడా కాకపోతే సైకిలు అటకెక్కించేస్తాను మావయ్యా. మళ్ళీ దాని మొహం చూడను" అంది సవారీ ముందురోజు.

మావయ్య నిమ్మకాయ తూస్తూ, "ఎందుకు కాదూ, బరువు సరిచూసుకుంటే అన్నీ అవుతాయి" అన్నాడు.

"ఏదీ, నావి కూడా ఆ త్రాసులో తూచనీ."

"వద్దొద్దు. ముసలి త్రాసు. చెయ్యి మారితే బెదురుతుంది" అని దాన్ని గభాల్న చొక్కా వెనక్కి దాచుకున్నాడు. ఆ త్రాసుని ఆయన ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. దాని ముల్లు మీదున్న అద్దంలోకి ఇంకొకరు తొంగిచూడ్డం కూడా ఇష్టముండేది కాదు.

పొద్దున్న ఆరింటికి వాచీల షాపు ముందునుంచి పన్నెండుమంది బయల్దేరారు. వాచీల షాపాయనే సంఘానికి టైము చూసేది. మొదటేడు తిండిలేక పడిపోయానన్న భయంతో టీచరు ఈసారి వెనక క్యారేజీకున్న రెండు సంచుల్నీ నింపి పారేసింది. మూడు లీటర్ల నీళ్ళు, డజను ఉడికిన గుడ్లు, రెండు రొట్టెలు, జాము సీసా, వేరుశెనగలు, వానకోటు, పనిముట్ల మూట. అంగడి తరలించినట్టుంది. ముప్పై కిలోమీటర్లకే తొడలు మొత్తుకున్నాయి. పక్కన మావయ్య పడుకుని ఆకాశం చూస్తూ, ఈల వేసుకుంటూ తొక్కుతున్నాడు.

నలభయ్యో కిలోమీటరు దగ్గర ఈల ఆగింది.

"అమ్మడూ, ఎడమవైపు తేలిపోతోంది."

"పొద్దున్నేగా తూచావు?"

"గాలి మారింది. నీ నీళ్ళసీసాలు రెండు ఇటు పడెయ్యి. లేకపోతే ఈ కాలవలో పడేట్టున్నాను."

ముసలాయన కాలవలో పడితే అత్తయ్యకి ఏం చెప్పుకోవాలని ఆవిడ సీసాలు తీసిచ్చింది. ఆయన కొక్కేనికి తగిలించి, అద్దంలోకి చూసి, "సరిగ్గా సరిపోయింది" అని ఎడమసంచిలో దోపేశాడు.

డెబ్భయ్యో కిలోమీటరు దగ్గర కుడివైపు తేలిపోయింది. పనిముట్ల మూట అటు వెళ్ళింది. నూటపది దగ్గర, పొద్దున్న వాళ్ళతోపాటు బయల్దేరిన బేకరీ ఆయన వెనకబడి, మోకాలు పట్టుకుని, మొహం వేలాడేసుకుని కనిపించాడు. మావయ్య బండి అక్కడే, ఆ క్షణంలోనే, మళ్ళీ ఎడమవైపు తేలిపోయింది. బేకరీ ఆయన బన్నుల సంచి, దానితోపాటు దారిలో వాళ్ళమ్మాయికని కొన్న గాజుబొమ్మ కూడా మావయ్య బండెక్కాయి.

"ఈయన చాదస్తంతో వేగలేం టీచర్‌గారూ. నా బన్నులు కూడా వదల్లేదు" అని బేకరీ ఆయన నవ్వుతూ మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు. బరువు దిగిపోయిందేమో, కాసేపట్లో వాళ్ళిద్దర్నీ దాటేశాడు కూడా.

నూటనలభై దగ్గర జాము సీసా, గుడ్లు. నూటఅరవై దగ్గర వానకోటు.

అప్పటికి టీచరు కాళ్ళు తేలికై, బుర్ర కూడా పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఎంతైనా లెక్కల మనిషి. ఇదేం లెక్క? ఎడమవైపు తగ్గితే కుడివైపునుంచి ఒక వస్తువు తీసి ఎడమవైపు పెడితే చాలుగా. పొద్దుట్నుంచీ అయిదుసార్లు తూకం తప్పింది. అయిదుసార్లూ ఎవరి దగ్గర్నుంచో తీసుకున్నాడే తప్ప, ఒక్కసారైనా "ఇటు బరువెక్కువైంది, ఇది నువ్వు పట్టుకో" అనలేదు. పైగా దారంతా దుంపకో పండు చొప్పున జతగానే తిన్నాడు. రెండువైపులా సమానంగా తినేవాడికి ఒకవైపు ఎలా తేలిపోతుంది?

ఆవిడకి ఉన్నట్టుండి చిన్నప్పటి పుస్తకాల సంచి గుర్తొచ్చింది.

నూటఎనభైయెనిమిది దగ్గర చివరి ఎత్తు వచ్చింది. టైము ఆరూ యాభై దాటింది. మామూలు సైకిలైతే ఎత్తులో లేచి నిలబడి, ఒంటిబరువంతా పెడలుమీద వేసి తొక్కొచ్చు. పడుకుని తొక్కే బండిమీద ఆ వీలు లేదు, అంతా కాళ్ళతోనే లాగాలి. అరవై దాటిన కాళ్ళు, వాటిమీద తన బరువు, మేనకోడలి బరువు, బేకరీ ఆయన బన్నులు. మావయ్య మొహం బీట్‌రూటులా అయిపోయింది. బండి నడిచేవాళ్ళకన్నా నెమ్మదిగా పాకి, ఇక పాకలేక ఆగింది.

"నువ్వు పో అమ్మడూ. టైముంది నీకు. నేను నిదానంగా వస్తా."

ఆవిడ ఒక కాలు కింద ఆనించి నిలబడింది. ఇంకా పన్నెండు కిలోమీటర్లు, చేతిలో ముప్పైతొమ్మిది నిమిషాలు. వదిలేసి వెళితే ఖాయంగా అందుకుంటుంది. ఇక్కడే నిలబడితే సైకిలు అటకెక్కుతుంది. డ్రిల్లుమాస్టారి జాలిమొహం కళ్ళముందు మెదిలింది. ఆవిడకి ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. చివరికి నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట.

"మావయ్యా, నా బండికి ఎడమవైపు తేలిపోతోంది."

మావయ్య తల తిప్పి చూశాడు. "ఏంటీ?"

"తేలిపోతోంది. ఎత్తులో పడిపోయేట్టున్నాను. ఏదైనా బరువుంటే ఇటివ్వు."

"ఎంత తగ్గింది?"

"తూస్తేగా తెలిసేది" అంటూ సీటు పక్కన వేలాడుతున్న కొక్కెం త్రాసుని చటుక్కున అందుకుంది. మావయ్య "అది బెదు..." అని ఆగిపోయాడు.

త్రాసుకి ఏమీ తగిలించి లేదు. ఖాళీ కొక్కెం గాలికి ఊగుతోంది. ముల్లు మాత్రం రెండున్నర కిలోల దగ్గర నిలబడి ఉంది. ఆవిడ అద్దంమీద వేలితో కొట్టింది. ఊపింది. తలకిందులు చేసింది. లోపల తుప్పు రాలిన చప్పుడైంది గానీ ముల్లు కదల్లేదు.

ఆవిడ మావయ్య వంక చూసింది. మావయ్య ఆకాశం వంక చూస్తున్నాడు.

"వాన పడేలా ఉంది" అన్నాడు. ఆకాశంలో మబ్బుతునక లేదు.

"రెండున్నర కిలోలు తగ్గింది" అంది ఆవిడ.

"త్రాసే చెప్పిందా?"

"త్రాసే చెప్పింది."

"మరి త్రాసు చెప్పాక మనం కాదనకూడదు" అని మావయ్య బుద్ధిగా నీళ్ళసీసాలు, జాము సీసా తీసిచ్చాడు. "కుడివైపో?"

"అటూ అంతే తగ్గింది."

పనిముట్ల మూట, బన్నులు అటు వచ్చాయి. గాజుబొమ్మ మాత్రం ఇవ్వలేదు. అది పగిలితే బేకరీ ఆయనకి మొహం చూపించలేనన్నాడు. ఆవిడ ముందు, ఆయన వెనక, ఎత్తెక్కారు. అవతల దిగుడులో, పడుకుని తొక్కే బండికి రెక్కలొచ్చాయి. ఇప్పుడాయన ముందు, ఆవిడ వెనక. గాలి మొహాన కొడుతుంటే మావయ్య మళ్ళీ ఈల అందుకున్నాడు.

వాచీల షాపు ముందు ఆగేసరికి ఏడూ ఇరవైనాలుగు. షాపాయన తన చేతివాచీ చూసి, నమ్మక గోడగడియారం చూసి, ఇద్దరి పేర్లూ రాసుకుని ఆవిడ మెళ్ళో పతకం వేశాడు. టీచరు అరుగుమీద కూలబడి, ముందుగా అత్తయ్యకి ఫోను చేసింది.

"అందుకున్నానత్తయ్యా. ఆరు నిమిషాలు మిగిలింది."

"నా తల్లే. మీ మావయ్య నీ బరువెంత మోశాడేంటి?"

టీచరు నోరు తెరిచింది. "నీకు తెలుసా అత్తయ్యా?"

"ఆ త్రాసు వానలో తడిసి పాడై రెండేళ్ళైంది. చేత్తో ఎత్తితే చాలు, గ్రాములతో సహా చెప్తాడు. దుంపల పిచ్చి నిజమేలే, అందులో ఏ నాటకమూ లేదు. కానీ ఈ తేలిపోడాలున్నాయి చూడూ, అవి నాకు పెళ్ళైన కొత్తలోనే తెలుసు. నీళ్ళు మోసుకొస్తుంటే ఒక చెయ్యి తేలిపోతోందని నా బకెట్టు కూడా లాక్కునేవాడు. తెలిసిపోయిందంటే సిగ్గుపడి మానేస్తాడని నోరు మెదపలేదు. కొంపదీసి నువ్వనేశావా?"

"లేదత్తయ్యా. నా బండికి కూడా ఎడమవైపు తేలిపోతోందని మాత్రం అన్నాను."

అవతల అత్తయ్య పకపకా నవ్వడం మొదలుపెట్టింది. "సరిపోయింది. నీకూ అంటుకుందన్నమాట."

ఇంతలో గాజుబొమ్మని బేకరీ ఆయనకి అప్పజెప్పి మావయ్య హడావుడిగా వచ్చాడు. "మీ అత్తయ్యకి చెప్పొద్దు, నేను చెప్తా, నేనే చెప్పాలి" అంటూ కుడిజేబులో చెయ్యి పెట్టి, తీసి, చెవికి పెట్టుకున్నాడు. "ఏమేవ్, మన పిల్ల సాధించింది. ఆ ఎత్తులో చూడాలి దాన్ని, ఎలా ఎక్కిందనుకున్నావ్. నా బరువు కూడా అదే మోసిందే" అంటున్నాడు.

టీచరు తన ఫోను ఆయన దగ్గరగా పట్టుకుంది, అత్తయ్యకి వినబడేలా. సబ్బు సంగతి మాత్రం చెప్పలేదు. మంచి కబురు, తనివితీరా చెప్పుకోనీ అని ఊరుకుంది.