అత్తయ్య చేతి రంగులు

మొన్న ఆదివారం పొద్దున ఉయ్యూరు నుంచి మొదటి బస్సులో మా బావ వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "అమ్మ పోయిందమ్మాయ్. కాఫీ తాగి కాసేపు నడుం వాలుస్తానంది, మళ్ళీ లేవలేదు" అన్నాడు. మా నాన్నగారి అక్కగారు, మా అత్తయ్య, ఇక లేదు.

బెజవాడ పాత ఊరి ఆడవాళ్ళలో కొందరికైనా ఆవిడ తెలిసే ఉంటుంది. తెలియనివారి కోసం ఇది రాస్తున్నాను.

మామయ్యది చేనేత బట్టల వ్యాపారం. గోడౌన్ల సందులో కింద దుకాణం, పైన కాపురం. ఇద్దరు పిల్లలు పుట్టాక అత్తయ్యకు బొల్లి వచ్చింది. మొదట మోచేతి దగ్గర చిన్న మచ్చ. తరవాత ముంజేయి, వేళ్ళు, పెదవి పక్కన. చామనఛాయ మనిషి కావడంతో తెల్లమచ్చలు కొట్టొచ్చినట్టు కనిపించేవి. పేరంటాల పిలుపులు తగ్గాయి. పిలిచినవాళ్ళు ఆవిడ పాదాలకు పసుపు రాసేవారే గాని, ఆవిడ చేత తమకు రాయించుకునేవారు కాదు.

ఆ మచ్చలు దాచుకోవడానికే అత్తయ్య రంగులు కలపడం మొదలుపెట్టింది. దుకాణంలో నూలు అద్దకానికి తెచ్చిన నీలిమందు, బజారులో దొరికే ఎర్రమట్టి కావి, పారాణికి వాడే ఎర్రటి లత్తుక, గంధం, కాటుక, మెరిసే అభ్రకం పొడి. వీటన్నిటినీ ఒక పాత పోపులపెట్టె అరల్లో పోసుకుంది. ఏ రంగు కలిపినా ముందు తన ఎడమ ముంజేతి మీదే రాసి చూసుకునేది. అక్కడ తెలుపూ చామనఛాయా పక్కపక్కనే ఉండేవి కదా. ఒకే రంగు రెండుచోట్లా రెండు రకాలుగా పలికేది. నీలిమందు తెల్లమచ్చ మీద దెబ్బ తగిలి కమిలినట్టుండేది, పక్కనే చామనఛాయ మీద నేరేడుపండు నిగారింపు తెచ్చేది. గంధం తెలుపు మీద కనిపించనే కనిపించదు, చామనఛాయ మీద బూడిదలా తేలిపోతుంది. కావిలో ఆముదం చుక్క వేసి నా నల్లటి రెప్ప మీద పూస్తే తోమిన రాగిచెంబులా మెరిసేది.

నలుపు మీద ఎలా ఉంటుందో చూడాలంటే నన్ను పిలిచేది. నేను నల్లగా ఉంటాను. మా ఇంట్లో అందరికన్నా నలుపు. "కళ్ళు మూసుకో, కదలకు" అని రెప్పల మీద వేలితో అద్ది, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసేది. ఒకసారి, "మచ్చలు పోయాయా అత్తయ్యా?" అని అడిగాను. "దాచుకుందామనే మొదలుపెట్టానే. ఆ మోజు పోయింది, రంగుల మోజు మిగిలింది" అంది నవ్వుతూ.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మా పేట స్త్రీల సమాజం వారు ఆడవాళ్ళకు చదువుకునే గది కట్టించాలని ఒక నాటకం తలపెట్టారు. నా గొంతు బాగుంటుందని రాణి వేషం నాకిచ్చారు. చెలికత్తె వేషం మా వీధి చివర ఉండే ఒక తెల్లటి అమ్మాయిది. అంతకుముందు నాటకాలకు ముఖాలు దిద్దిన పెద్దమనిషి ఒకే గులాబీరంగు పూత అందరికీ పూసేవాడు. ఓడల మీద వచ్చే సీమ సరుకు ఆగిపోయి ఆ పూత దొరకలేదు. దొరికినా నా ముఖానికి పనికిరాదని అత్తయ్య ముందే చెప్పింది. "సున్నం కొట్టడానికి అదేమన్నా గోడా? నేను దిద్దుతాను" అని తనే వెళ్ళి సమాజం కార్యదర్శిని అడిగింది. ప్లీడరుగారి భార్య ఆవిడ. సరేనంది.

నాటకం నాటి సాయంత్రం హాలు వెనక గదిలో అత్తయ్య పోపులపెట్టె తెరిచి కూర్చుంది. చెలికత్తె అమ్మాయి తల్లి కూతుర్ని చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఆవిడ చెయ్యి మా పిల్ల ముఖం మీద పడటానికి వీల్లేదండీ. రేపు దీనికేమన్నా అంటుకుంటే పెళ్ళెలా చెయ్యమంటారు?"

అత్తయ్య తలెత్తలేదు. గిన్నెలో కావి నూరుతున్న వేలు మాత్రం ఆగింది. అప్పుడు మా అమ్మ, నలుగురిలో నోరు విప్పని మనిషి, నన్ను వదిలేసి తనే వెళ్ళి అత్తయ్య ఎదురుగా పీట మీద కూర్చుంది.

"వదినగారూ, ముందు నాకు బొట్టు పెట్టండి. తరవాత మా పిల్లకు దిద్దుదురుగాని" అంది.

అత్తయ్య అమ్మ నుదుట బొట్టు పెట్టింది. తరవాత నన్ను కూర్చోబెట్టుకుంది. ముఖానికి తెలుపు తగలనివ్వలేదు. రెప్పల మీద రాగిరంగు, అంచున కాటుక, నడిమధ్య చిటికెడు అభ్రకం. అద్దం చేతికిచ్చి, "తెల్లగా చెయ్యలేదు, చూసుకో. నీ నలుపు నీకే ఉంచాను" అంది. అద్దంలో ఉన్నది నేనే. కాని రాణిని.

తెర లేచాక నేను మొదటి మాట అనేలోపే జనం చప్పట్లు కొట్టారు. చెలికత్తెకు వాళ్ళమ్మ పౌడరు దట్టంగా పులిమింది. కరెంటు దీపాల వెలుగులో పాపం ఆ అమ్మాయి ముఖంలో కనుబొమలూ కళ్ళూ ఏవీ తెలియలేదు. మొదటి అంకం కాగానే తిన్నగా వచ్చి పీట మీద కూర్చుంది. "నాక్కూడా దిద్దండి పిన్నిగారూ" అంది. తల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

అత్తయ్య పౌడరు తుడుచుకోమని తడిగుడ్డ అమ్మాయికే ఇచ్చింది. గంధంలో రవ్వంత లత్తుక కలిపింది. తెల్లటి రెప్పకు అది చాలు. అప్పుడు గుమ్మం వైపు చూసి మెల్లగా అడిగింది.

"పుల్లతో వెయ్యనా అమ్మా, వేలితో వెయ్యనా?"

వెటకారం లేదు ఆ గొంతులో. ఆ తల్లి భయం తనకు తెలుసన్నట్టుగా అడిగింది. ఆవిడ కూతురి ముఖం చూసింది, అత్తయ్య వేళ్ళు చూసింది. బయట గంట కొట్టారు.

"వేలితోనే వెయ్యండి" అంది.

ఆ తరవాత మా పేటలో ఎన్ని పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుళ్ళు అత్తయ్య ముందు కూర్చున్నారో నేను లెక్కపెట్టలేదు. ఆ చెలికత్తె పెళ్ళికి వాళ్ళమ్మే స్వయంగా వచ్చి, బొట్టు పెట్టి పిలిచింది. సమాజం గది కూడా కట్టారు. ఫలానావిడ మేనకోడల్ని అని చెప్పుకుంటే చాలు, అక్కడ నాకు కుర్చీ వేసేవారు. ఇప్పటికీ వేస్తారు.

పంచదార ఫ్యాక్టరీలో బావకు ఉద్యోగం దొరికాక అత్తయ్య ఉయ్యూరు వెళ్ళిపోయింది. పోయిన మాఘమాసంలో నా కూతుర్ని ఎత్తుకుని ఆవిణ్ణి చూడటానికి వెళ్ళాను. అప్పటికి మచ్చలన్నీ కలిసిపోయి ఆవిడ దాదాపు తెల్లగా అయిపోయింది. "దీని పోలిక నీదేనా?" అంటూ పాపను అందుకుంది. "నాకన్నా ఒక పాలు ఎక్కువే నలుపు అత్తయ్యా" అన్నాను.

"అదృష్టవంతురాలు. ఏ రంగైనా దీని మీద మాట్లాడుతుంది" అంది.

అరుగు మీద చాప వేసుకుని నీరెండలో పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. రోడ్డు మీద చెరకుబళ్ళు వరసగా పోతున్నాయి. ఎండ జరిగినకొద్దీ, పాప నిద్ర చెడకుండా, అత్తయ్య కాస్త కాస్తగా చాప జరుపుకుంటూ, ఆ నల్లటి ముఖాన్ని వెలుగులోనే ఉంచుతూ కూర్చుంది.