కొమురయ్య కుక్క తినని మేకపిల్ల

మంగళవారం ఉదయం ఏడుంబావుకు హయత్‌నగర్‌లో ఇంటి నుంచి బయలుదేరాను. నాకొక ట్రాలీ ఆటో ఉంది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇళ్లలో పెంచే మేకల్ని అందులో ఎక్కించుకుని, సంతకు తీసుకుపోయి అమ్మిపెట్టడం నా పని. వారానికి రెండుసార్లయినా ఆ దారిలో తిరుగుతాను. ఆ రోజు మాత్రం ట్రాలీని ఇంటి ముందే వదిలి బస్సుకు పోయాను. ట్రాలీ కనబడితే జనం మేకల మాటలే ఎత్తుతారు. నేను పోతున్నది పన్నెండేళ్ల కిందట చెప్పిన ఒక అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి.

అంతకు పది రోజుల ముందు పెద్ద అంబర్‌పేట్‌లో ఒక పెళ్లి విందుకు వెళ్లాను. ఎదురు వరుసలో కొమురయ్య కూర్చున్నాడు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. ఇబ్రహీంపట్నం శివారులో ప్లాట్ల వెంచర్ దగ్గర కాపలా ఉంటాడు. అతని ఆకులో మటన్ వేస్తుంటే వెనక నుంచి ఎవరో అన్నారు.

"జర జూసి వెయ్యి తమ్మీ, కుక్కల కొమురయ్య ఆయన. మేకకు మేకనే మాయం జేస్తడు."

వరుస పొడుగునా నవ్వారు. నేనూ నవ్వాను. కొమురయ్య తల ఎత్తకుండా తిని లేచిపోయాడు. అతనికి ఆ పేరు రావడానికి కారణం నేనే. ఇంటికి వచ్చాక కూడా నా నవ్వు నా చెవుల్లోనే ఉండిపోయింది.

హయత్‌నగర్ నుంచి ఇబ్రహీంపట్నానికి నేరుగా పోయే బస్సు కోసం నిలబడితే పొద్దంతా అక్కడే గడుస్తుంది. ఎల్బీనగర్‌లో దిగి, సాగర్ రింగ్‌రోడ్డు దగ్గర ఇంకో బస్సు పట్టుకోవడమే మేలు. నాకు ఎనిమిదీ ఇరవైకి బస్సు దొరికింది. వెనక వరుసలో కిటికీ పక్కన చోటు ఉంది. నా ముందు సీట్లో ఒక ముసలావిడ ఆధార్ కార్డు పట్టుకుని కూర్చుంది. కండక్టరమ్మ కార్డును, మనిషిని మార్చి మార్చి చూసింది.

"గీ ఫోటో నీదేనా అవ్వా?"

"నాదే బిడ్డ. పండ్లు ఊడకముందుది."

చుట్టుపక్కల ఆడవాళ్లు నవ్వారు. కండక్టరమ్మ ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. అవ్వ దాన్ని మడిచి కొంగున ముడేసుకుని నా వైపు తిరిగింది.

"నువ్వెందాక?"

"ఇబ్రహీంపట్నం దాకనే అవ్వా. మా అక్కను చూసి రావాలె."

"ఉత్త చేతులతోని పోతున్నవా? పండ్లన్న కొనుక్కపో."

అక్క అన్నాను కానీ మల్లమ్మక్క నాకు చుట్టం కాదు. ఇబ్రహీంపట్నంలో మా వాడలో ఒంటరిగా ఉండే మనిషి. ఉన్న ఆస్తి మేకలే. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక తిప్పి మేపలేక రెండు మేకల్ని నాకు పాలుకు ఇచ్చింది. పాలుకు ఇవ్వడమంటే మేక ఆమెది, మేపే పని నాది, పుట్టిన పిల్లల్లో ఆమెకు సగం, నాకు సగం. దీనికి మా వైపు కాగితాలు రాసుకోరు. పిల్ల పుట్టిన వారంలో యజమాని తన వాటా పిల్లకు చెవి మీద గాటు పెట్టుకుంటాడు. ఆ పిల్ల రోగంతో చచ్చినా, కుక్కలు పీకినా, మేపేవాడు గాటున్న చెవిని తెచ్చి చూపించాలి. చెవి చూపిస్తే ఇంకేమీ అడగరు. ఇదే పద్ధతి.

ఆ రోజుల్లో ప్లాట్లు అమ్మే ఇద్దరు మనుషులు నాకు పరిచయమయ్యారు. నన్ను ఏజెంటుగా పెట్టుకుంటామన్నారు. వాళ్ల ముందు పెద్దమనిషిలా కనబడాలని నాకు కొట్టం నిండా మేకలున్నాయని చెప్పుకున్నాను. "అయితే దావత్ ఎప్పుడు జంగన్నా?" అన్నారు. నా వాటా పిల్లల్ని అప్పటికే అమ్మేశాను. మిగిలింది మల్లమ్మక్క గాటున్న పోతుపిల్ల ఒక్కటే. బాగా బలిసి ఉంది. రెండు రోజులు దాన్ని చూస్తూ తిరిగాను. మూడో రోజు మధ్యాహ్నం కోశాను. ముందుగా చెవి తీసి పక్కన పెట్టుకున్నాను. కూర బాగుందని వాళ్లు మెచ్చుకున్నారు. నేనూ కడుపు నిండా తిన్నాను. ఏజెంటు పని రాలేదు. ఆ మనుషులు మళ్లీ కనబడలేదు.

మర్నాడు చెవి తీసుకుపోయి మల్లమ్మక్కకు చూపించాను. కొమురయ్య కుక్క పీకేసిందని చెప్పాను. మేకలు తిరిగే బీడు పక్కనే అతను కాపలా ఉండేవాడు. నల్ల కుక్క ఒకటి ఎప్పుడూ వెంట ఉండేది. ఆ పేరు చెబితే ఎవరైనా నమ్ముతారని అనిపించింది. ఆమె ఆ చెవిని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసింది. "సరే తియ్యి. అన్నం తిన్నవా?" అంది. జొన్నరొట్టె, పప్పు పెట్టింది.

కుక్క పీకిన చెవి చీలికలు పీలికలుగా ఉంటుంది. నేను చూపించిన చెవి కత్తితో కోసింది కాబట్టి తిన్నగా ఉంది. చిన్నప్పటి నుంచి మేకల మధ్య పెరిగిన మనిషికి ఆ తేడా తెలియదా అన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

వాడలో మాట పాకింది. నలుగురూ కొమురయ్య మీదికి పోయారు. "నా కుక్క గట్లాంటిది కాదు" అన్నాడతను. నేను ముందుకు వచ్చి "నా కండ్లతోని చూసిన" అన్నాను. ఆ కుక్క ఉంటే మా మేకలు బతకవని, దాన్ని కొట్టి చంపుతామని అందరూ పట్టుబట్టారు. మూడో రోజు కొమురయ్య దాన్ని ఆటోలో ఎక్కించుకుని మహేశ్వరం దాటించి ఎక్కడో వదిలి వచ్చాడు. అతనికి పెళ్లి లేదు. ఇంట్లో ఉన్న తోడు ఆ కుక్క ఒక్కటే.

వారం తర్వాత మల్లమ్మక్క మా కొట్టానికి వచ్చింది. మేకల్ని తోలుకుపోవడానికి వచ్చిందనుకున్నాను. ఆమె వెంట ఇంకో మేక ఉంది. "దీన్ని గుడ నువ్వే మేపు" అంది. రెండు నెలలకు అది ఈనింది. గాటు పెట్టడానికి రమ్మని కబురు పంపితే వచ్చి, పిల్లల్ని ఒళ్లో వేసుకుని ముద్దు చేసి లేచింది.

"గాటు పెట్టవా అక్కా?"

"నీ తాన్నే ఉన్నయి గద. గాటెందుకు?"

ఆమెకు అంతా తెలుసని అప్పుడు అర్థమైంది. మా వైపు గాటు లేకుండా మేకను పాలుకు ఇచ్చిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. తర్వాత ఆరేళ్లు ఆమె మేకల్ని మేపాను. ఏ పిల్ల చచ్చిందని చెప్పినా, ఏ పిల్ల నాదని చెప్పినా చెల్లిపోయేది. ఒక్క పిల్ల విషయంలోనూ అబద్ధం చెప్పలేదు. ఒకసారి నిజంగానే ఒక పిల్ల రోగంతో చచ్చిపోతే దాన్ని భుజాన వేసుకుని ఆమె ఇంటికి పోయాను. "నాకెందుకు చూపెడుతున్నవ్? పూడ్చిపెట్టు పో" అంది. జంగయ్య చేతిలో మేకను పెడితే భయం లేదన్న పేరు నాకు అలా వచ్చింది. ఈ రోజు నా ట్రాలీ నడిచేది ఆ పేరు మీదే. ఇన్నేళ్లూ నోరు విప్పకపోవడానికి కారణమూ అదే.

బొంగ్లూరు గేటు దగ్గర చాలామంది దిగారు. మంగల్‌పల్లిలో కాలేజీ పిల్లలు దిగాక బస్సు ఖాళీ అయింది. శేరిగూడ దాటి తొమ్మిదిన్నరకు ఇబ్రహీంపట్నం చేరాను. బస్టాండు ఎదురుగా రెండు ఇడ్లీలు తిన్నాను. మూడోది వదిలేసి లేచాను. అవ్వ చెప్పినట్టు డజను అరటిపండ్లు కొనుక్కుని నడిచాను. మల్లమ్మక్క ఇంటికి పావుగంట దారి.

ఆమె గడపలో కూర్చుని మేకలకు తుమ్మకాయలు ఏరుతోంది.

"ట్రాలీ ఏదిరా?"

"తేలేదక్కా. నీతోని మాట్లాడేది ఉండె."

చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"గా ముచ్చట నాకు గప్పుడే ఎర్క. చెవి సూడంగనే ఎర్కైంది."

"మరి అడగలేదేందక్కా?"

"అడిగితే ఏం జేస్తుంటివి? ఇంకో అబద్ధం చెప్తుంటివి. నలుగురి ముంగట పెడితే ఊరు ఇడిచిపోతుంటివి. పోరగాడు ఒక్కసారి ఆశపడ్డడు, మల్ల నమ్మితే నిలబడతడు అనుకున్న. నిలబడ్డవ్." కాసేపు తుమ్మకాయలు ఏరింది. "కని కొమురయ్యను మర్చిపోయిన. వాడు కుక్కను ఇడిచిపెట్టి వచ్చిన దినం గుడ నేను నోరు తెరవలే. గది నా తప్పు. నాకు జెప్పుడు గాదు, వానికి జెప్పు. నడువు, నేనొస్త."

మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని లేచింది. చెప్పులు వేసుకోవడానికే చాలాసేపు పట్టింది. ఆటో మాట్లాడుకుని పదకొండుకు వెంచర్ దగ్గర దిగాం. ఆర్చి కింద నీలం కుర్చీలో కొమురయ్య కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను. కోసింది, తిన్నది, చెవి తీసింది, అతని పేరు చెప్పింది, అన్నీ వరుసగా చెప్పాను. అతను చివరి దాకా విన్నాడు.

"పన్నెండేండ్లకు జెప్తున్నవ్."

"అవ్ అన్నా."

"గా దినం నీ కండ్లతోని చూసిన అన్నవ్."

"గట్లనే అన్న."

"ఏం జూసినవ్?"

"ఏం చూడలే."

మల్లమ్మక్క అందుకుంది. "నాకు గుడ ఎర్కే కొమురయ్యా. నేను గుడ చెప్పలే."

అతను ఆమెను చూశాడు, నన్ను చూశాడు. గొంతు పెంచలేదు.

"నా కుక్క తినలేదని నాకు ముందుగాల్నే ఎర్క. గది నాకు జెప్తే ఏమొస్తది? ఎర్కలేనోళ్లకు జెప్పు."

రోడ్డుకు అవతల చాయ్ హోటల్ ఉంది. పన్నెండు గంటల ప్రాంతంలో ముగ్గురం అక్కడికి పోయాం. పది పన్నెండుమంది ఉన్నారు. సగం మంది మా వాడవాళ్లే. వాళ్లలో సత్తయ్య కూడా ఉన్నాడు. వచ్చే సంతకు తన నాలుగు మేకల్ని నా ట్రాలీలో పంపుతానని మాట ఇచ్చిన మనిషి. మమ్మల్ని చూసి హోటల్ అతను కేకేశాడు.

"ఏంది కుక్కల కొమురన్నా, ఇయ్యాల మందిని ఏసుకొని వస్తున్నవ్?"

"జర ఆగు. గీడు చెప్పేది ఇనుండ్రి" అంది మల్లమ్మక్క.

చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కొమురయ్య కుక్క ఏ మేకనూ ముట్టలేదని, కోసుకుని తిన్నది నేనని, అతని మీద వేసింది అబద్ధమని చెప్పాను. బెంచీ మీద ఉన్నవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"కూర మంచిగుండెనా జంగన్నా?" అన్నాడు మూలన ఉన్న ఒకతను.

"మంచిగనే ఉండె" అన్నాను.

ఒకరిద్దరు నవ్వి ఆపేశారు. సత్తయ్య గ్లాసు కింద పెట్టాడు.

"మా మేకలు నేనే తోల్కపోత తియ్యి."

"సరే" అన్నాను.

"గట్లంటవేంది సత్తయ్యా?" అంది మల్లమ్మక్క. "మేకను తిన్నడని తెల్సి గుడ నేను ఇచ్చిన. నీ లెక్కనే గుంజుకుంటే వీడు ఇయ్యాల గీడ నిలవడి చెప్తుండెనా?"

"నువ్వు వేరే అక్కా. నేను నీ అంతటోన్ని గాదు."

అతను నా వైపు చూడకుండా పోయాడు. హోటల్ అతను చాయ్ పోశాడు. మొదటి గ్లాసు కొమురయ్యకు ఇచ్చాడు. "తీస్కో కొమురన్నా" అన్నాడు. కొమురయ్య గ్లాసు అందుకుని అతని ముఖం వంక ఒక క్షణం చూశాడు. ఒక గుక్క తాగాడు.

"చక్కెర ఎక్కువేసినవ్" అన్నాడు.

మల్లమ్మక్కను ఆటో ఎక్కించాను. కొమురయ్య ఆర్చి దాకా నాతో వచ్చాడు.

"నిన్ను మాఫ్ జేసిన అంటలేను. నా కుక్క ఎటు వోయిందో, ఎట్ల బతికిందో నాకెర్క లేదు."

"ఇంకో కుక్కను పెంచుకోరాదే అన్నా."

"పెంచుకుంట. నువ్వు మాత్రం తేకు" అని కుర్చీలో కూర్చున్నాడు. రెండు అడుగులు వేశాక వెనక నుంచి పిలిచాడు. "ఎండల నడువకు. గీ చెట్టు కాడ చెయ్యి అడ్డం పెడితే బస్సు ఆపుతరు."

రెండూ ఇరవైకి బస్సు వచ్చింది. డ్రైవర్ వెనక సీటు దొరికింది. బొంగ్లూరు గేటు దాటేలోపు రెండు ఫోన్లు వచ్చాయి. ఈసారి తమ మేకల్ని పంపడం లేదని ఇద్దరూ చెప్పారు. ఎందుకని నేను అడగలేదు. తుర్కయంజాల్ దాటాక మూడో ఫోన్ మల్లమ్మక్కది. ఇల్లు చేరావా అని అడిగింది. ఇంకా బస్సులోనే ఉన్నానంటే, సంతకు పోయేటప్పుడు తన ఇంటి ముందు ఆగమంది. నాలుగున్నరకు హయత్‌నగర్‌లో దిగాను.

ఆ దారిలో ఎన్నిసార్లు తిరిగానో చెప్పలేను. ప్రయాణం చేసినట్టు అనిపించింది మాత్రం ఈ ఒక్కసారే. ఆ రోజు మల్లమ్మక్క నన్ను పట్టించి ఉంటే దొంగగానే మిగిలేవాణ్ణి. నమ్మి వదిలేసినందుకు మనిషిగా బతికాను. అయితే ఆమె మంచితనం నాకు అందింది, దాని బరువు మాత్రం పన్నెండేళ్లు కొమురయ్య మోశాడు. ఆమె నమ్మినందుకు నేను చేయవలసిన పనుల్లో ఆ బరువు దించడమొక్కటే మిగిలిపోయింది. ఆలస్యంగానైనా చేశాను.

సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వైపు పోయేవాళ్లకు ఒక్క మాట. శివారులో వెంచర్ ఆర్చి కింద నీలం కుర్చీలో ఒక పెద్దమనిషి కనబడతాడు. ఆయన పేరు కొమురయ్య. ఎవరైనా ఆ పేరుకు ముందు ఇంకో మాట చేర్చి పిలిస్తే, ఆ కుక్క ఏ మేకనూ తినలేదని చెప్పండి. తిన్నది నేను.