టోపీ తీసిన అమెరికా రైతు

డునెడిన్ నుంచి బయల్దేరిన బస్సులో నా పక్క సీటు ఆయనది. మట్టి బూట్లు, ట్రాక్టర్ బొమ్మ ఉన్న టోపీ. మాట వినగానే అమెరికా నుంచి ఈ దేశం చూడ్డానికొచ్చిన పల్లెటూరి మనిషని తెలిసింది. అలాంటివాళ్లకు మనమంటే గిట్టదని ఎవరెవరో చెప్పగా విని, నా సంచి ఒళ్లోకి లాక్కున్నాను. యేసు పెరిగిన పల్లెను జనం ఎంత చిన్నచూపు చూశారో సండే స్కూల్లో పిల్లలకు చెప్పేదాన్ని నేనే.

మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా తెరిచి, ప్రార్థనకు చున్నీ తల మీద కప్పుకున్నాను. ఆయన టోపీ తీసి తల వంచారు. నా ప్రార్థన ముగిసేదాకా తన శాండ్‌విచ్ ముట్టలేదు.

"మేడమ్, మా అమ్మాయి కోసం కూడా ప్రార్థిస్తారా?" అన్నారు. "ఈ నెలలోనే కాన్పు. మా ఊరి ఆసుపత్రి మూసేశారు. ఇంకోటి రెండు గంటల దూరం. మమ్మల్ని ఎగతాళి చెయ్యడానికి తప్ప ఎవరూ తలుచుకోరు."

నాకు సిగ్గేసింది. "తెలుగులో చేస్తే పర్వాలేదా?"

"మీరు మాట్లాడేది నాతో కాదుగా!" అని నవ్వారు.

ముందు ఆయన గురించి నేననుకున్నదానికి దేవుణ్ణి క్షమాపణ అడిగి, తర్వాత ఆ అమ్మాయి కోసం ప్రార్థించాను. అంతటికీ కలిపి ఆయన గట్టిగా "ఆమెన్" అన్నారు.

ఊరి పేరు అడగడం మర్చిపోయాను. అందుకే మా బుధవారం కూడికలో, ఆసుపత్రి మూసేసిన ఊళ్లన్నిటి కోసం ప్రార్థిస్తుంటాను.